ఒంటిగుంజ గుడారం.. చూసి కొందాం!

మధ్యలో ఒకే ఒక్క గుంజ. చుట్టూ పల్చటి గుడ్డ. మడిస్తే స్కూలు బ్యాగులో పట్టేస్తుంది. విప్పితే నలుగురు పడుకునే ఇల్లవుతుంది. టిపీ తరహా గుడారాన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. వెంటనే కొనేయాలనీ అనిపిస్తుంది. ఒక్క క్షణం ఆగండి. అంత తేలిగ్గా ఉండటానికి అందులోంచి ఏమేం తీసేశారో ముందు తెలుసుకోండి!

రాత్రి పన్నెండు దాటింది. వికారాబాద్ దగ్గర ఓ స్నేహితుడి మామిడితోట. పిల్లలకు దసరా సెలవులని రెండ్రోజులు గుడారంలో గడుపుదామని వెళ్లాం. చలిమంట ఆరిపోయింది, కబుర్లూ అయిపోయాయి. అంతా నిద్రలోకి జారుకుంటున్న వేళ మా అమ్మాయి నెమ్మదిగా పిలిచింది.

''నాన్నా.. చాప కింద ఏదో కదిలింది.''

కలగన్నదేమో అనుకుంటూనే టార్చి వేసి చాప ఎత్తా. నల్లగా, బొటనవేలంత పొడవున.. తేలు!

పది నిమిషాల్లో నలుగురం కార్లో ఉన్నాం. పిల్లలు కూర్చునే నిద్రపోయారు. మా ఆవిడా నేనూ మాత్రం తెల్లారేదాకా అద్దంలోంచి ఆ గుడారాన్నే చూస్తూ గడిపాం. వెన్నెల్లో ఎంత అందంగా ఉందో!

తప్పు గుడారానిది కాదు. అమెరికాలో ఉండే మా బావమరిది వస్తూ వస్తూ తెచ్చాడు దాన్ని. ''కిలోన్నర కూడా లేదు బావా.. నలుగురు పడుకోవచ్చు'' అని మురిసిపోతూ చేతిలో పెట్టాడు. అంత తేలిగ్గా ఎలా ఉందన్నది మేం ఆలోచించలేదు. చాప పరిచేటప్పుడు కూడా తట్టలేదు.. ఆ గుడారానికి నేల లేదని!

పుట్టిల్లు ఎక్కడంటే..

టిపీ ఈనాటిది కాదు. ఉత్తర అమెరికా మైదానాల్లో అడవిదున్నల వెంట తిరుగుతూ బతికిన లకోటా, షయాన్, బ్లాక్‌ఫుట్ లాంటి తెగల ఇల్లు అది. 'టిపీ' అన్న మాట కూడా లకోటా భాషలోదే. నివాసం అని అర్థం. పొడవాటి పైన్ కర్రల్ని పైన కలిపి కట్టి, చుట్టూ అడవిదున్న తోళ్లు కుట్టిన కప్పు వేసేవారు. గుడారం వేయడం, విప్పడం ఆడవాళ్ల పని. ఇంటి మీద హక్కూ వాళ్లదే. ఊరు మారేటప్పుడు మొదట్లో కుక్కలతో, తర్వాత గుర్రాలతో ఆ కర్రల్నీ తోళ్లనీ లాగించేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి వేటగాళ్లు అడవిదున్నల్ని దాదాపు తుడిచిపెట్టేశాక తోలు స్థానంలోకి కాన్వాసు వచ్చింది.

దాని పనితనం చూసి అమెరికా సైన్యం కూడా ముచ్చటపడింది. 1856లో హెన్రీ హాప్‌కిన్స్ సిబ్లీ అనే సైనికాధికారి మధ్యలో ఒకే గుంజతో నిలబడే శంకు ఆకారపు గుడారానికి పేటెంటు తీసుకున్నాడు. అటు యూరప్ ఉత్తరాన ధ్రువపు జింకల్ని మేపుకునే సామీ ప్రజలకూ ఇలాంటిదే 'లావ్వు' ఉంది. ఇవాళ మార్కెట్లో టిపీ పేరుతో అమ్ముతున్న తేలికపాటి గుడారాలు ఈ కుటుంబానికి చెందినవే. కర్రలు పోయి ఒక్క అల్యూమినియం గుంజ మిగిలింది. తోలు పోయి సిల్‌నైలాన్ వచ్చింది.

ఒక్క సంగతి గమనించండి. వీటిలో చాలావరకు చలిప్రాంతాల వాళ్లు తమ అవసరానికి తగ్గట్టు తయారుచేసుకున్నవి. అక్కడ మంచు మీద గుడారం వేయాలి, బూట్లతోనే లోపలికి వెళ్లాలి, మధ్యలో పొయ్యి పెట్టుకోవాలి. నేల ఉంటే వాళ్లకు అడ్డం. మన సంగతి అలా కాదు కదా!

నేలా.. తెరా ఉండాల్సిందే

మన పొలాల్లో, తోటల్లో, కొండల్లో రాత్రి తిరిగే ప్రాణులు చాలానే ఉన్నాయి. తేళ్లు, జెర్రులు, చీమలు సరే. అన్నిటికంటే ప్రమాదం కట్లపాముతో. అది రాత్రిపూటే తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కాటేస్తుంది. కాటు వేసిన చోట పెద్దగా నొప్పి, వాపు ఉండకపోవడంతో చాలామంది గుర్తించనే గుర్తించరు. ఆగ్నేయ నేపాల్‌లో జరిగిన ఓ అధ్యయనం 2007లో వెలువడింది. దోమతెర కట్టుకుని పడుకునేవారికి పాముకాటు ముప్పు బాగా తక్కువని అందులో తేలింది. పరుపు కిందికి దోపుకున్న పల్చటి తెర అంత పని చేస్తుందన్నమాట!

ఇక దోమలు.. మన్యం ప్రాంతాల్లో మలేరియా భయం ఇప్పటికీ ఉంది. కాబట్టి మనం కొనే టిపీకి లోపలి గుడారం ఉండి తీరాలి. అంటే దోమతెర గోడలు, వాటికి కలిపి కుట్టిన నేల, పూర్తిగా మూసుకునే జిప్పు. నేలగుడ్డ అంచులు పళ్లెం అంచుల్లా నాలుగు వైపులా జానెడు పైకి లేచి ఉండాలి. అప్పుడే వాననీరు పారినా లోపలికి రాదు. కొన్ని కంపెనీలు సగం గుడారానికే సరిపోయే లోపలి గదిని విడిగా అమ్ముతాయి. ఇద్దరికైతే అది చక్కగా సరిపోతుంది. మిగతా సగంలో చెప్పులు, సామాన్లు పెట్టుకోవచ్చు. గుడారంతోపాటు అదీ దొరుకుతుందో లేదో కొనేముందే అడగండి.

తూకం వేస్తే తెలిసింది

తేలు రాత్రి తర్వాత మా గుడారాన్ని వీధి చివర కిరాణా కొట్టుకి తీసుకెళ్లి తూకం వేయించా. గుడ్డ కిలో నాలుగొందల గ్రాములు. బావమరిది చెప్పింది నిజమే. కానీ గుంజ మరో 450 గ్రాములు, మేకులూ తాళ్లూ 250 గ్రాములు. మొత్తం రెండు కిలోల వంద!

ప్రకటనల్లో కనిపించే బరువు చాలాసార్లు ఒట్టి గుడ్డదే. సంచీతో, మేకులతో, గుంజతో కలిపి ఎంతో అడిగి తెలుసుకోవాలి. గుంజ లేకుండా అమ్మేవీ ఉన్నాయి. కొండలెక్కేటప్పుడు పట్టుకునే కర్రల్నే గుంజగా వాడుకోమంటారు. ఎత్తు తక్కువ గుడారానికి ఒక కర్ర చాలు. నిలబడేంత ఎత్తున్నదానికి రెండింటిని జోడించి కట్టాలి. ఆ అలవాటు లేనివాళ్లు గుంజతో ఉన్నదే తీసుకోవడం మేలు.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. అసలు మోసేదెవరు? తోట పక్కదాకా కార్లో వెళ్లేవాళ్లకు కిలో అటూ ఇటూ అయినా నష్టం లేదు. సామాను వీపున వేసుకుని గంటలకొద్దీ నడిచేవాళ్లకే ప్రతి వంద గ్రాములూ లెక్క. నలుగురికి సరిపోయే పాతకాలపు కాన్వాసు గుడారం 20 కిలోలు దాటుతుంది. దాంతో పోలిస్తే నేల, తెర కలిపినా టిపీ మూడు మూడున్నర కిలోల్లో తేలిపోతుంది. ఇద్దరు పెద్దవాళ్లు పంచుకుంటే మనిషికి కిలోముప్పావు. మరీ బరువనిపిస్తే గిన్నెల్లోనో బట్టల్లోనో తగ్గించుకోవచ్చు. నేలలోనూ తెరలోనూ తగ్గించకూడదు.

'నలుగురికి' అంటే ఎందరికి?

డబ్బా మీద 'నలుగురికి' అని ఉంటుంది. ఆ లెక్క భుజానికి భుజం ఆనించి, సామాను లేకుండా పడుకుంటేనే. పైగా టిపీ శంకు ఆకారంలో ఉంటుంది కాబట్టి పైకి వెళ్లేకొద్దీ చోటు తగ్గిపోతుంది.

ఓ చిన్న లెక్క చూద్దాం. అడుగున 4 మీటర్ల వెడల్పు, మధ్యలో రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గుడారం అనుకుందాం. నేల విస్తీర్ణం పన్నెండున్నర చదరపు మీటర్లు. బోలెడంత! కానీ మీటరు ఎత్తులో.. అంటే కూర్చున్న మనిషి తల దగ్గర మిగిలేది నాలుగున్నర చదరపు మీటర్లే. మూడో వంతుకంటే కాస్త ఎక్కువ. మధ్యలో గుంజ ఎలాగూ ఉండనే ఉంటుంది. అంచు దాకా జరిగి పడుకుంటే తలో కాళ్లో గుడ్డకు తగులుతాయి.

అందుకే డబ్బా మీది సంఖ్యలోంచి ఒకటో రెండో తీసేయండి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఇంటికి 'ఆరుగురికి' అని రాసి ఉన్నది హాయిగా ఉంటుంది. ఇందులో ఓ లాభమూ ఉంది. గుంజ దగ్గర నిలబడి బట్టలు మార్చుకోవచ్చు. పొట్టి గుడారాల్లో ఆ సౌకర్యం ఉండదు. ఆడవాళ్లూ పెద్దవాళ్లూ వెంట ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు.

గుడ్డలో ఏముంది?

గుడ్డ గురించి చదివితే అంకెలు తికమకపెడతాయి. రెండు తెలిస్తే చాలు. మొదటిది డెనియర్. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే డెనియర్. 20, 30 ఉంటే పల్చన, తేలిక. 70 అంటే మందం. పైకప్పుకి పల్చనిది సరే, నేలకి మాత్రం మందపుది కావాలి. రెండోది నీటిని ఆపే శక్తి. దీన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. గుడ్డ మీద ఎంత ఎత్తు నీరు నిలిపితే ఉరవడం మొదలవుతుందన్నది ఆ లెక్క. పైకప్పుకి 1500, నేలకి 3000 దాటి ఉంటే నయం. తడినేల మీద మనం మోకాలు ఆనించినప్పుడు పడే ఒత్తిడి వాన చినుకుకంటే చాలా ఎక్కువ మరి.

నైలాన్ గట్టిది, త్వరగా చిరగదు. కానీ తడిస్తే సాగి వేలాడుతుంది. అర్ధరాత్రి లేచి తాళ్లు మళ్లీ బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండనూ కాస్త ఎక్కువగా తట్టుకుంటుంది. మన ఎండలకు రెండోదే ఓ మెట్టు పైన. మరో కిటుకు.. రెండు వైపులా సిలికాన్ పూసిన గుడ్డకు కుట్ల మీద మామూలు టేపు అంటుకోదు. కొన్ని గుడారాల కుట్లకు మనమే సిలికాన్ జిగురు పూసుకోవాలి. 'కుట్లు సీలు చేసి ఉన్నాయా?' అని అడగడం మర్చిపోకండి.

గాలికి నిలుస్తుంది.. పిడుగుకి కాదు

కోస్తాలో ఒకప్పుడు విరివిగా కనిపించిన చుట్టిళ్లు గుర్తున్నాయా? గుండ్రటి గోడ, శంకులాంటి తాటాకు కప్పు. తుపాను గాలి ఎటు నుంచి వీచినా తగలడానికి చదునైన గోడ ఉండదు, చుట్టూ జారిపోతుంది. టిపీ బలమూ అదే. ఏ వైపు గాలికైనా ఒకేలా నిలుస్తుంది. అయితే ఆ బలమంతా మేకుల్లోనే ఉంది. ఒక్క గుంజ మీద నిలబడేది కాబట్టి గాలివైపు రెండు మేకులు ఊడితే మొత్తం మీద పడుతుంది.

కాబట్టి నేలను బట్టి ఏర్పాటు చేసుకోవాలి. మొరం నేలకు గట్టి మేకులు, చిన్న సుత్తి కావాలి. గండికోట లాంటి చోట బండ మీద మేకు దిగదు. తాళ్లను పెద్ద రాళ్లకు కట్టుకోవాలి. సముద్రపు ఇసుకలో మేకు నిలవదు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి పాతిపెట్టాలి. ఇలాంటి చోట్లకే ఎక్కువగా వెళ్లేవాళ్లు మేకులు లేకుండా నిలబడే మామూలు డోమ్ గుడారం కొనుక్కోవడమే తెలివి. గాలికి కదలకుండా దానికీ బరువు కట్టాలనుకోండి.

వేసవిలో ఉరుములు మెరుపులతో వచ్చే వానలు మనకు కొత్త కాదు. ఏ గుడారమూ పిడుగు నుంచి కాపాడదు. ఉరుము వినిపించగానే కార్లోకో పక్కా భవనంలోకో వెళ్లిపోవాలి. ఒంటరి చెట్టు కింద, కొండ కొమ్మున, వాగు ఒడ్డున గుడారం వేయనేకూడదు. ఎగువన కురిసిన వానకు దిగువన వాగు పొంగుతుంది. మన నెత్తిన చుక్క పడకపోయినా సరే!

కురవని వాన

లంబసింగిలో చలికాలపు తెల్లవారుజాము. వాన లేదు. అయినా గుడారం లోపల గుడ్డంతా తడి! కారిందేమో అని కంగారుపడతాం. అది మన ఊపిరే. నలుగురి శ్వాసలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. పాతకాలం టిపీలకు పైన పొగ పోయే రెక్కలు ఉండేది పొగ కోసమే అయినా గాలి ఆడటానికీ అవి పనికొచ్చేవి. లోపలి గోడలకు మరో తోలు తెర కూడా కట్టేవారు. ఇప్పటి గుడారానికీ అదే సూత్రం. కొసన గాలి కంత, అడుగున బెత్తెడు ఖాళీ ఉండాలి. వెచ్చని గాలి పైనుంచి పోతే కిందినుంచి కొత్త గాలి వస్తుంది. లోపలి దోమతెర ఉంటే తడిగుడ్డ ఒంటికి తగలదు. నేల, తెర ఇలా కూడా ఆదుకుంటాయి.

కుంపటి.. వద్దే వద్దు

టిపీ ప్రకటనల్లో ఓ బొమ్మ ఊరిస్తుంటుంది. బయట మంచు, లోపల చిన్న ఇనుప పొయ్యి, గుడ్డలోంచి బయటికి వచ్చిన పొగగొట్టం. అలాంటి గుడారంలో గొట్టం చుట్టూ వేడికి తట్టుకునే ప్రత్యేకమైన గుడ్డ కుడతారు. పొయ్యీ దానికోసం చేసిందే. అది చూసి లంబసింగి చలికి మనం బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుంటే మాత్రం ప్రాణాలకే ముప్పు. బొగ్గులు, నిప్పుకణికలు విడుదల చేసే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ముందు తలనొప్పి, వికారం, మగత. నిద్రలో ఉంటే అవీ తెలియవు. పైన గాలి కంత ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. గ్యాస్ స్టవ్ అయినా అంతే. పైగా సిల్‌నైలాన్ చిన్న నిప్పురవ్వకే కన్నం పడుతుంది. వంట, చలిమంట బయటే.. అదీ గాలివాలుకు దూరంగా. చలికి మందపాటి రగ్గు, కింద పరుపు. అంతకుమించిన కుంపటి లేదు.

ముందు మైదానంలో..

కొన్న గుడారాన్ని మొదటిసారి అడవిలో విప్పకండి. డాబా మీద మేకులు దిగవు కాబట్టి దగ్గర్లోని మైదానానికి వెళ్లి పగటిపూట ఒకసారి వేసి చూడండి. అంచుల్ని గుండ్రంగా పరిచి మేకులు కొట్టి, లోపలికి దూరి గుంజ నిలబెట్టాలి. మేకు తల గుడారానికి అవతలి వైపు వాలి ఉండాలి. మొదటిసారి వంకరగా వస్తుంది. మూడోసారికి పిల్లలే వేసేస్తారు. బకెట్ల కొద్దీ నీళ్లు పోసి కుట్లూ పరీక్షించండి. ఆ తర్వాత నీడలో పూర్తిగా ఆరబెట్టి మడవాలి. తడిగా మడిస్తే బూజు పడుతుంది, పూత జిగటగా మారి కంపు కొడుతుంది.

కొనేముందు ఇవి అడగండి

* నేల కలిపి కుట్టిన దోమతెర గది ఉందా? విడిగా కొనాలా?
* గుంజ, మేకులు, తాళ్లు, సంచీ కలిపి బరువెంత?
* డబ్బా మీద ఎందరికని ఉంది? మనం ఎందరం?
* కుట్లు సీలు చేసి ఉన్నాయా?
* కొసన గాలి కంత ఉందా? దానికీ తెర ఉందా?
* మనం వెళ్లేచోట మేకులు దిగుతాయా? అడవిలోకైతే అటవీశాఖ అనుమతి ఉందా?

ఒకట్రెండుసార్లు అద్దెకు తీసుకుని చూశాక కొనడం ఇంకా మంచిది.

మా గుడారం సంగతి చెప్పలేదు కదూ. దానికి సరిపోయే లోపలి గది దొరకలేదు. మా వీధి టైలరుకి కొలతలిచ్చి దోమతెర గుడ్డ, కింద పల్చటి టార్పాలిన్ కలిపి కుట్టించాం. కిలో మూడొందల గ్రాములు అదనం. ఫిబ్రవరిలో మళ్లీ అదే తోటకి వెళ్లాం. మామిళ్లు పూతమీదున్నాయి. పడుకునే ముందు మా అమ్మాయి టార్చి తీసుకుని నాలుగు మూలలూ చూసింది. జిప్పు చివరిదాకా లాగింది. మళ్లీ వెనక్కి లాగి చూసి, మళ్లీ వేసింది.

''చాప ఎత్తి చూద్దామా తల్లీ?'' అన్నా.

''అక్కర్లేదు నాన్నా.. దీనికి నేలుంది'' అంది, దుప్పటి కప్పుకుంటూ.

తెల్లారి లేచేసరికి తెరకు అవతల మా చెప్పుల పక్కన ఓ జెర్రి తీరిగ్గా పాకుతూ పోతోంది. చెప్పులు దులుపుకుని తొడుక్కున్నాం. ఈసారి కార్లో ఎవరూ పడుకోలేదు!